ఎండ ముదిరాక హ్యాచింగ్ పడిపోతోంది: లోపం ఇంజెక్షన్‌లో ఉందా, నీటిలో ఉందా?

ఉయ్యూరు_చెరువు
మాది ఉయ్యూరు దగ్గర చేప గుడ్లు పొదిగించి పిల్లలు తీసే చిన్న హేచరీ. ఒక బ్రీడింగ్ తొట్టి, మూడు మీటర్ల వ్యాసం గల రెండు హ్యాచింగ్ తొట్లు, ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్నాయి. ఎక్కువగా శీలావతి, కొంత బొచ్చె తీస్తాము. మార్చి నెలలో హ్యాచింగ్ బాగానే వచ్చింది. ఏప్రిల్ రెండో వారం నుంచి మాత్రం సగం గుడ్లకు కూడా పిల్ల రావడం లేదు. తల్లి చేపలు గుడ్లు విడవడంలో ఏ ఇబ్బందీ లేదు; సాయంత్రం ఆరింటికి గుడ్లు విడిపించే హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే తెల్లవారుజామున నాలుగింటికల్లా పూర్తిగా విడుస్తున్నాయి. పొద్దున చూస్తే గుడ్లు తేటగా, నిండుగా ఉంటున్నాయి. చీకటి పడేసరికి తొట్టి నిండా తెల్ల గుడ్లు కనిపిస్తున్నాయి, వచ్చిన పిల్లల్లో కూడా కొన్నిటికి తోక వంకరగా ఉంటోంది. కాలువ కట్టేసిన తరువాత పూర్తిగా బోరు నీటి మీదే నడుపుతున్నాము. మందులు అమ్మే ఆయన మోతాదు పెంచమంటున్నాడు, పక్క హేచరీ వారు తల్లి చేపలను మార్చమంటున్నారు. రెండూ డబ్బుతో కూడిన పనులు కాబట్టి, ఏదైనా చేసే ముందు అనుభవం ఉన్నవారి మాట వినాలని ఇక్కడ అడుగుతున్నాను.

రేపల్లె_రైతు
ఇంజెక్షన్ ఏది వాడుతున్నారు, కిలోకు ఎంత ఇస్తున్నారు? అది చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఉయ్యూరు_చెరువు
సింథటిక్ హార్మోన్ మందు ఓవాప్రిమ్ వాడుతున్నాము. శీలావతి ఆడ చేపకు కిలోకు 0.4 మి.లీ., మగ చేపకు 0.15 మి.లీ. ఇస్తున్నాము. మార్చిలో ఇచ్చిందీ ఇంతే.

తెనాలి_తొట్టి
మోతాదు సరిగానే ఉంది, పెంచవద్దు. ఇంజెక్షన్ చేసే పని, లోపల తయారుగా ఉన్న గుడ్డును విడిపించడం వరకే. మీ చేపలు పూర్తిగా విడుస్తున్నాయంటే దాని పని అక్కడితో ముగిసింది. పొద్దున తేటగా ఉన్న గుడ్డు సాయంత్రానికి తెల్లబడితే, దానికి కారణం ఆ పగటి పూట మీ తొట్టిలోనే వెతకాలి.

మన హేచరీలన్నిటిలోనూ కనిపించే ఇబ్బంది ఒకటుంది. ఎంత స్పాన్ (అమ్మకానికి ఎత్తే మూడు రోజుల పిల్ల) వచ్చిందని చివర ఒక్కసారే లెక్క చూసుకుంటాము. గుడ్డు విడిచిన దగ్గర నుంచి స్పాన్ ఎత్తే వరకు నష్టం మూడు చోట్ల జరగవచ్చు: గుడ్డు ఫలదీకరణ చెందకపోవచ్చు, ఫలదీకరణ చెందిన గుడ్డులో పిండం మధ్యలో చనిపోవచ్చు, పిల్ల బయటకు వచ్చాక మూడు రోజుల్లోపు పోవచ్చు. మొదటిదైతే తల్లి చేపలు, మగ చేపల పాలు (వీర్యం), జత కుదిర్చే నిష్పత్తి చూడాలి. రెండోదైతే నీరు, వేడి, గుడ్ల సాంద్రత చూడాలి. మూడోదైతే తెర, గుడ్డు పెంకులు, ప్రవాహం, నీటిలో చేరిన పురుగులు చూడాలి. ఈ మూడింటినీ కలిపేసి హ్యాచింగ్ బాగోలేదు అన్నప్పుడే ఎవరికి తోచిన మందు వారు చెబుతారు.

కాబట్టి వచ్చే దఫాలో ఒక పని చేయండి. గుడ్లు విడిచిన నాలుగైదు గంటల తరువాత, తొట్టిలో నాలుగు వైపుల నుంచీ ఒక్కొక్క గ్లాసు తీసి తెల్ల పళ్లెంలో పోసి, మొత్తం గుడ్లెన్ని, తెల్లబడినవి ఎన్ని అని లెక్కించండి. అంతకంటే ముందు లెక్క పెడితే నమ్మలేము, ఎందుకంటే ఫలదీకరణ చెందని గుడ్డు కూడా మొదట కొంతసేపు తేటగానే కనిపిస్తుంది. ఆ తరువాత రెండు గంటలకు ఒకసారి అదే పద్ధతిలో లెక్కించి, ప్రతి సారీ తొట్టిలో థర్మామీటరు ముంచి వేడి రాసుకోండి. ఏ గంటలో గుడ్డు పోతోందో తెలిస్తే సగం సమాధానం దొరికినట్లే.

కొల్లేటి_గట్టు
నేను కైకలూరు వైపు చేప పిల్లల నర్సరీ వేస్తాను, స్పాన్ కొనేవాడిని. తెనాలి గారు చెప్పిన మూడో నష్టమే మా నెత్తిన పడేది. హేచరీలో సంచి కట్టేటప్పుడు పిల్ల బతికే ఉంటుంది, చెరువులో వేసిన మర్నాటికి కనిపించదు. తోక వంకర ఉన్న దఫాను దయచేసి ఎవరికీ అమ్మవద్దు.

గుంటూరు_ఎండ
బోరు నుంచి తొట్టి వరకు పైపు ఎలా వేశారు? భూమిలో ఉందా, గట్టు మీద ఉందా?

ఉయ్యూరు_చెరువు
బోరు నుంచి ట్యాంకుకు వెళ్లే పైపు భూమిలోనే ఉంది. ట్యాంకు నుంచి తొట్లకు వచ్చే నల్ల పైపు మాత్రం దాదాపు పాతిక మీటర్లు గట్టు మీద నుంచే వస్తుంది. ట్యాంకు కూడా నల్ల ప్లాస్టిక్‌దే, పైన నీడ లేదు.

గుంటూరు_ఎండ
మీ దొంగ అక్కడే ఉన్నాడని నా అనుమానం. ఏప్రిల్, మే నెలల్లో మన ప్రాంతపు ఎండ గురించి వేరే చెప్పనక్కరలేదు. బోరు నీరు పైకి వచ్చేటప్పుడు 28, 29 డిగ్రీలే ఉంటుంది. అదే నీరు నల్ల ట్యాంకులో నిలిచి, ఎండలో పడి ఉన్న నల్ల పైపులో పాకుతూ వచ్చేసరికి మధ్యాహ్నం రెండింటికి చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా తగులుతుంది. శీలావతి, బొచ్చె లాంటి కార్ప్ చేపల గుడ్డుకు 27 నుంచి 29 డిగ్రీలు హాయి, 31 వరకు ఫరవాలేదు. ఆ పైన పిండం తొందరపడి ఎదుగుతుంది, వంకరలు వస్తాయి, పెంకు ముందే పగిలి ఇంకా సిద్ధం కాని పిల్ల బయట పడుతుంది. తోక వంకర అని మీరు రాయగానే నాకు మొదట వేడే గుర్తుకు వచ్చింది.

మా దగ్గర పైపును భూమిలోకి దించాము, ట్యాంకు చుట్టూ తాటాకు దడి కట్టి పైన షేడ్‌నెట్ వేశాము, తొట్ల మీద కూడా నెట్ ఉంది. మే నెలలో కూడా తొట్టి నీరు 30 దాటకుండా నడుస్తోంది.

రేపల్లె_రైతు
వేడి నీటిలో ఆక్సిజన్ ఉండదు, అందుకే గుడ్లు పోతాయి. గాలి పంపు పెడితే సరిపోతుంది, పైపు తవ్వే ఖర్చు ఎందుకు?

మత్స్యవిద్య
ఇక్కడ లెక్క కొంచెం సరిచూడాలి. 28 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 34 డిగ్రీల దగ్గర కూడా 7 మిల్లీగ్రాముల వరకు కరుగుతుంది. తేడా ఒక మిల్లీగ్రాము లోపే కాబట్టి, నీరు పూర్తిగా గాలి పట్టి ఉంటే గుడ్డుకు కావలసిన 5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువే మిగులుతుంది. నిజంగా జరిగేది ఏమిటంటే, వేడి పెరిగే కొద్దీ పిండం ఊపిరి వేగం పెరిగి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, పైగా వేడి తనంతట తానే పిండం ఎదుగుదలను చెడగొడుతుంది. గాలి పంపు మొదటిదాన్ని కొంత తీరుస్తుంది, రెండోదాన్ని ఏమీ చేయలేదు. అందుచేత పైపు తవ్వక తప్పదు.

అయితే బోరు నీటి విషయంలో రేపల్లె గారి మాటలో బలం ఉంది. భూమిలోంచి అప్పుడే వచ్చిన నీటిలో ఆక్సిజన్ చాలా తక్కువగా ఉంటుంది. ఆ నీటిని పై నుంచి జల్లుగా పడనివ్వకుండా నేరుగా తొట్టికి పంపితే, వేడితో పని లేకుండానే గుడ్డుకు ఊపిరి అందదు.

నీటి_పరీక్ష
విజయవాడలో నీళ్లు పరీక్షించే పనిలో ఉన్నాను. బోరు నీటి మీద నడిచే హేచరీ అన్నప్పుడు ఆక్సిజన్‌తో పాటు ఇంకో రెండు విషయాలు తప్పక చూడాలి.

మొదటిది ఇనుము. బోరు నుంచి వచ్చిన క్షణంలో నీరు తేటగానే ఉంటుంది, ఎందుకంటే ఇనుము అప్పటికి కరిగి ఉంటుంది. గాలి తగిలిన తరువాత అది తుప్పు రంగు పొడిగా మారి, అడ్డం వచ్చిన ప్రతిదానికీ అంటుకుంటుంది. మీ తొట్టిలో అడ్డం వచ్చేది గుడ్డు పొరే. పొర మీద ఆ మడ్డి పట్టిన గుడ్డుకు ఊపిరి ఆడదు. దీనికి ల్యాబ్ కూడా అక్కరలేదు: తెల్ల బకెట్‌లో బోరు నీరు పట్టి రాత్రంతా వదిలేయండి, పొద్దునకు అడుగున ఎర్రటి మడ్డి దిగితే ఇనుము ఉన్నట్లే. మందు వేసి దీన్ని తీసేయడం కంటే, నీటిని చిల్లుల పళ్లేల మీదుగా జల్లుగా దించి, ఒక తొట్టిలో నిలవబెట్టి, ఇసుక, కంకర పొరల గుండా వడగట్టి వాడటం మేలు.

రెండోది ఎక్కువైన గాలి. ఈ మాట వినడానికి వింతగా ఉంటుంది గానీ, బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువగానూ నైట్రోజన్ ఎక్కువగానూ ఉండటం మామూలే. మోటారు పీల్చే వైపు పైపుకు సన్నటి పగులు ఉన్నా గాలి లోపలికి లాగి నీటిలో నొక్కేస్తుంది. అలాంటి నీటిలో పిల్లల కడుపులో, చర్మం కింద బుడగలు వచ్చి, అవి నీటి మీదకు తేలిపోయి తిరగలేక చనిపోతాయి. పిల్లలు పైకి తేలుతున్నాయా, అడుగున పడుతున్నాయా అన్నది గమనించండి. జల్లు పద్ధతి ఈ రెండు కష్టాలకూ మందే, ఎందుకంటే లేని గాలి వచ్చి చేరుతుంది, ఎక్కువైన గాలి వెళ్లిపోతుంది.

ఉయ్యూరు_చెరువు
పిల్లలు తేలడం లేదు, అడుగునే పడుతున్నాయి. బకెట్ పరీక్ష ఈ రాత్రికే పెడతాను. మా నీరు ట్యాంకులోకి పైపు ద్వారా అడుగు నుంచే ఎక్కుతుంది, జల్లు లేదు.

బంగారు_తీగ
ఇంత చర్చ ఎందుకు? తొట్టిలో కొంచెం మలాకైట్ గ్రీన్ వేస్తే తెల్ల గుడ్ల మీద బూజు రాదు, పక్క గుడ్లకు అంటదు. పాతవారందరూ వాడినదే.

మత్స్యవిద్య
దయచేసి ఆ మాట ఎవరికీ చెప్పవద్దు. మలాకైట్ గ్రీన్ ఆహారపు చేపల పెంపకంలో నిషేధించిన రసాయనాల జాబితాలో ఉంది. దాని అవశేషం చేప ఒంట్లో చాలాకాలం నిలుస్తుంది, మనిషి ఆరోగ్యానికి మంచిది కాదు, చేపలో దొరికితే దిగుమతి చేసుకునే దేశాలు సరుకును తిప్పి పంపుతాయి.

పైగా ఈ సమస్యకు అది మందే కాదు. బూజు మొదట చచ్చిన గుడ్డు మీద పుట్టి, అక్కడి నుంచి బతికిన గుడ్డుకు పాకుతుంది. శీలావతి, బొచ్చె, మోసు గుడ్లు 14 నుంచి 18 గంటల్లో పిల్లలవుతాయి, నీటిలో విడివిడిగా తిరుగుతాయి కాబట్టి బూజుకు పాకే వ్యవధి తక్కువ. మీ బంగారు తీగ (కామన్ కార్ప్) గుడ్లు అంటుకునే రకం, రెండు మూడు రోజులు పడతాయి, అందుకే మీకు బూజు పెద్ద శత్రువుగా కనిపిస్తోంది.

బంగారు_తీగ
నా అనుభవం బంగారు తీగతోనే, ఆ మాట నిజం. గుర్రపుడెక్క వేళ్ల మీద గుడ్లు పెట్టించి హాపాలో (నీటిలో కట్టిన సన్న వల పెట్టెలో) ఉంచుతాము, రెండో రోజుకు దూది పట్టినట్లు బూజు వస్తుంది. మలాకైట్ వద్దంటే మరి ఏం చేయాలి?

మత్స్యవిద్య
గుడ్డు జిగురునే తీసేస్తే గుడ్లు గుత్తులుగా అంటుకోవు. చేత్తో పిండి తీసిన గుడ్లకు పాలు కలిపిన తరువాత, 10 లీటర్ల నీటిలో 40 గ్రాముల ఉప్పు, 30 గ్రాముల యూరియా కరిగించిన ద్రావణాన్ని కొద్దికొద్దిగా పోస్తూ, గుడ్లు బాగా ఉబ్బే వరకు మెత్తటి ఈకతో కలుపుతూ ఉండాలి. చివర 10 లీటర్లకు 5 గ్రాముల టానిన్ కలిపిన నీటిలో కొద్ది క్షణాలే ముంచి, వెంటనే మంచి నీటితో కడగాలి. టానిన్‌లో ఎక్కువసేపు ఉంచితే పెంకు గట్టిపడి పిల్ల బయటకు రాలేదు. ఆ తరువాత ఈ గుడ్లను జాడీలలో కింది నుంచి నీరు పెట్టి పొదిగించవచ్చు. ఈ పద్ధతి హంగేరీలో పుట్టింది, కార్ప్ పెంచే దేశాలన్నిటిలోనూ నడుస్తోంది. గుర్రపుడెక్కతోనే చేయదలిస్తే మాత్రం వేళ్లను ముందు రోజే ఉప్పు నీటిలో ముంచి బాగా కడిగి, గుడ్లను పలచగా పడనివ్వండి.

వేదిక_నిర్వహణ
బంగారు తీగ జిగురు గురించి వేరే చర్చ తెరవమని మనవి. ఇక్కడ ఉయ్యూరు వారి ప్రశ్న దగ్గరే ఉందాము.

తెనాలి_తొట్టి
ఉయ్యూరు గారూ, తొట్టికి ఎన్ని గుడ్లు వేస్తున్నారు? నీటి మట్టం ఎంత?

ఉయ్యూరు_చెరువు
నీరు 90 సెంటీమీటర్లు ఉంటుంది, మధ్య తెర గది వ్యాసం ఒక మీటరు. ఒక్కొక్క తొట్టికి ఇంచుమించు 60 లక్షల గుడ్లు వేస్తాము. మార్చిలోనూ అంతే వేశాము.

తెనాలి_తొట్టి
మధ్య గది తీసేస్తే మీ తొట్టిలో గుడ్లు తిరిగే నీరు సుమారు ఐదున్నర ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 7 నుంచి 8 లక్షలు అనుకున్నా 40 లక్షల దగ్గర ఆగాలి. మార్చిలో నీరు చల్లగా ఉంది, కాలువ నీటిలో గాలి పుష్కలంగా ఉంది కాబట్టి 60 లక్షలను కూడా ఆ తొట్టి మోసింది. ఇప్పుడు వేడి, బోరు నీరు, కిక్కిరిసిన గుడ్లు మూడూ ఒకేసారి కలిశాయి. ఒక్కొక్కటిగా వచ్చి ఉంటే మీకు ఇంత నష్టం కనిపించేది కాదు.

ప్రవాహం కూడా కొలవండి. దీనికి యంత్రం అక్కరలేదు. ఒక వేపాకును గోడ పక్కన నీటి మీద వదిలి, చుట్టు తిరిగి రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. మూడు మీటర్ల తొట్టికి చుట్టుకొలత దాదాపు 9.4 మీటర్లు. మొదటి పన్నెండు గంటలు నీటి వేగం సెకనుకు 0.4 నుంచి 0.5 మీటర్లు ఉండాలి, అంటే ఆకు 19 నుంచి 24 సెకన్లలో తిరిగి రావాలి. పిల్లలు బయటకు వచ్చే వేళ వేగాన్ని 0.1 నుంచి 0.2 మీటర్లకు తగ్గించాలి, అప్పుడు ఆకుకు ముప్పావు నిమిషం నుంచి నిమిషంన్నర పడుతుంది. వాల్వు తిప్పే మనిషికి ఈ సెకన్లు గోడ మీద రాసి పెడితే రాత్రి పూట కూడా పొరపాటు జరగదు. ప్రవాహం తక్కువైతే గుడ్లు తొట్టిలోకి నీరు చిమ్మే డక్‌మౌత్‌ల మధ్య మూలల్లో కుప్ప పడి అక్కడే ఊపిరాడక పోతాయి, ఎక్కువైతే తెరకు కొట్టుకుని నలిగిపోతాయి.

గుంటూరు_ఎండ
ఇంకో మార్గం ఉంది. ఇంజెక్షన్ వేళనే మార్చండి. సాయంత్రం ఆరింటికి బదులు పొద్దున ఎనిమిదింటికి ఇస్తే, సాయంత్రం ఆరు ప్రాంతంలో గుడ్లు విడుస్తాయి, రాత్రంతా చల్లటి నీటిలో పిండం ఎదిగి, మర్నాడు ఎండ ముదరకముందే పిల్లలు బయటకు వచ్చేస్తాయి. ఇప్పుడు మీ దగ్గర గుడ్డు జీవితంలో అన్నిటికంటే సున్నితమైన గంటలు నడి మధ్యాహ్నంలో పడుతున్నాయి.

తెనాలి_తొట్టి
ఈ సలహాతో నేను ఏకీభవించను. పొద్దున ఇంజెక్షన్ ఇస్తే తల్లి చేప పగలంతా బ్రీడింగ్ తొట్టిలో ఎండకు వేగుతుంది. గుడ్లు నిండిన చేప వేడికి బెదిరితే సగం విడిచి ఆగిపోతుంది. గుడ్డును కాపాడబోయి తల్లిని పోగొట్టుకుంటారు.

గుంటూరు_ఎండ
నీడ లేని తొట్టికి మీరు చెప్పింది వర్తిస్తుంది. మా బ్రీడింగ్ తొట్టి రేకుల షెడ్డు కింద ఉంది, పగలంతా నీరు తిరుగుతూనే ఉంటుంది. తల్లి చేపలను తెల్లవారుజామునే చెరువు నుంచి పట్టి తెస్తాము కాబట్టి పట్టే శ్రమ కూడా చల్లపొద్దులోనే అయిపోతుంది. మూడు వేసవుల నుంచి ఇలాగే చేస్తున్నాము, చేపలు సగంలో ఆగిన సందర్భం లేదు.

తెనాలి_తొట్టి
షెడ్డు ఉన్నవారికి సరే. లేనివారికి మాత్రం ముందు నీడ, ఆ తరువాతే వేళ మార్పు అని నా అభిప్రాయం.

కొల్లేటి_గట్టు
తల్లి చేపల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మా వైపు కొన్ని హేచరీలలో ఒకే చేపలను తరాల తరబడి వాటిలో వాటికే జత కడుతున్నారు, శీలావతి, బొచ్చె ఒకే తొట్టిలో వేసి కలగాపులగం పిల్లను కూడా అమ్ముతున్నారు. అలాంటి విత్తనానికి నీరు ఎంత బాగున్నా ఏం లాభం?

మత్స్యవిద్య
కొల్లేటి గారి ఆవేదన న్యాయమైనది. నార్వే సహకారంతో సీఫా (కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ) ఎంపిక పద్ధతిలో తయారుచేసిన జయంతి శీలావతి 1997లో విడుదలైంది. అంత మంచి రకాన్ని తెచ్చుకున్నా, దాన్నే తరతరాలు ఒకే కుటుంబంలో జత కడితే గుణం నిలవదు. విజయవాడ పక్కన పెనమలూరులో సీఫా ప్రాంతీయ కేంద్రం ఉంది కాబట్టి, మన జిల్లాల హేచరీలవారు తల్లి చేపల గురించి అక్కడ సలహా అడగడం సులువు.

ఉయ్యూరు గారి విషయంలో మాత్రం తల్లి చేపలు మొదటి అనుమానం కాదు. తల్లి చేపల లోపమైతే పొద్దుటి లెక్కలోనే తెల్ల గుడ్లు ఎక్కువగా కనబడతాయి. ఒక్క జాగ్రత్త చెబుతాను: మార్చిలో గుడ్లు తీసిన చేపలనే ఏప్రిల్‌లో మళ్లీ వాడుతున్నారేమో చూసుకోండి. రెండోసారి గుడ్డు పక్వానికి రావడానికి మంచి మేత మీద కూడా నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది.

రేపల్లె_రైతు
ఇంజెక్షన్‌కు చేప తలలోంచి తీసిన పిట్యూటరీ గ్రంథి వాడిన రోజుల్లో ఈ కష్టాలు లేవు. సింథటిక్ మందులు వచ్చాకే గుడ్డు బలహీనమైంది.

తెనాలి_తొట్టి
పిట్యూటరీతోనే ఈ పరిశ్రమ పుట్టింది, దాని మీద నాకు గౌరవమే ఉంది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి గార్లు గ్రంథి ఇంజెక్షన్‌తో కార్ప్‌లకు గుడ్లు పెట్టించబట్టే ఈ రోజు మనం నది మీద విత్తనం కోసం ఆధారపడకుండా బతుకుతున్నాము, జూలై 10ని మత్స్యరైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాము. కానీ గ్రంథికి గ్రంథికి బలం మారుతుంది, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పొడవాలి, తల్లి చేపను రెండుసార్లు పట్టాలి. గుడ్డు లోపలి నాణ్యత నెలల తరబడి పెట్టిన మేతతో, చెరువులో చేపలు పలచగా ఉండటంతో వస్తుంది. రెండు మందులలో ఏదీ దాన్ని పెంచదు.

ఉయ్యూరు_చెరువు
అందరూ చెప్పినట్లు ఒక దఫా కొలిచి చూశాను, వివరాలు ఇవి. బకెట్ అడుగున ఎర్ర మడ్డి దిగింది; తెల్ల గుడ్డలో వడగడితే వేలికి తుప్పులా అంటింది. తల్లి చేపలు రెండోసారి వాడినవి కావు. పొద్దున తొమ్మిదింటి లెక్కలో నూటికి 86 గుడ్లు తేటగా ఉన్నాయి. పదకొండింటికి 82. తొట్టి నీరు అప్పటికి 31 డిగ్రీలు. మధ్యాహ్నం ఒంటిగంటకు 33, మూడింటికి 34 డిగ్రీలు చూపింది. మూడింటి లెక్కలో తేట గుడ్లు 57, ఐదింటికి 44. భూతద్దంలో చూస్తే గుడ్డు పొర మీద గోధుమ రంగు పొడి సన్నగా పట్టి ఉంది. వేపాకు చుట్టు తిరగడానికి 35 సెకన్లు పట్టింది.

తెనాలి_తొట్టి
ఇంత శ్రద్ధగా కొలిచినందుకు అభినందనలు. పొద్దున 86 ఉందంటే తల్లి చేపలకూ, ఇంజెక్షన్‌కూ ఈ నష్టంతో సంబంధం లేదు. పదకొండు నుంచి ఐదు మధ్యనే పోతున్నాయి. నీడ, పైపు, జల్లు, ఇసుక వడపోత, 40 లక్షల గుడ్లు, 22 సెకన్ల వేపాకు: ఇవి కుదిరే వరకు కొత్త మందు దేనికీ రూపాయి పెట్టవద్దు.

నీటి_పరీక్ష
ఖర్చు తక్కువలో జల్లు కావాలంటే, ట్యాంకు పైన నాలుగు చిల్లుల ప్లాస్టిక్ ట్రేలను ఒకదాని కింద ఒకటి అడుగు ఎడంతో కట్టి, వాటి మీదుగా నీరు పడనివ్వండి. కింది ట్రేలో కంకర పోస్తే తుప్పు చాలావరకు అక్కడే పడుతుంది. ఆ కంకరను వారానికి ఒకసారైనా కడగాలి, లేకపోతే పట్టిన మడ్డి ఒక్కసారిగా ఊడి తొట్టిలోకి వస్తుంది.

రేపల్లె_రైతు
మా వైపు ఇంకో కష్టం ఉంది. వర్షపు నీరు నిలవ చేసిన చెరువు నుంచి వాడితే వెండి చేప (సిల్వర్ కార్ప్) గుడ్లు విపరీతంగా ఉబ్బి, పిల్ల తయారు కాకముందే పగిలిపోతున్నాయి. శీలావతికి అంత ఇబ్బంది లేదు. దీనికి కూడా వేడేనా కారణం?

నీటి_పరీక్ష
వేడి కొంత కారణం కావచ్చు గానీ, మీరు చెప్పిన తీరు చూస్తే నీటి కాఠిన్యం తక్కువగా ఉన్నట్లు ఉంది. వెండి చేప గుడ్డుకు కాల్షియం ఉన్న నీరు కావాలి. లీటరుకు 100, 200 మిల్లీగ్రాముల కాఠిన్యంలో పగిలే గుడ్లు, 300 పైన ఉన్న నీటిలో నిలబడతాయి. ముందు నీటిని కొలిపించండి. ఘనపు మీటరు నీటిలో కాఠిన్యం లీటరుకు 100 మిల్లీగ్రాములు పెంచాలంటే స్వచ్ఛమైన జిప్సం 172 గ్రాములు కరగాలి. పారే నీటిలో వేస్తే ఎంత వేసినా కొట్టుకుపోతుంది కాబట్టి, ట్యాంకులోనే ముందుగా బాగా కరిగించి, తేరిన నీటినే వదలండి. మొదట ఒక చిన్న హాపాలో కొద్ది గుడ్లతో చూసి, ఆ తరువాతే తొట్టికి వెళ్లండి.

ఉయ్యూరు_చెరువు
పైపును అడుగున్నర లోతులో పూడ్చాము, ట్యాంకుకూ తొట్లకూ షేడ్‌నెట్ కట్టాము, ట్రేలు పెట్టాము. ఇంజెక్షన్ వేళ మార్చలేదు, ఎందుకంటే మా బ్రీడింగ్ తొట్టికి ఇంకా షెడ్డు లేదు. తొట్టికి 40 లక్షల గుడ్లే వేశాము. మధ్యాహ్నం మూడింటికి నీరు 30.5 డిగ్రీలు. పొద్దున తొమ్మిదింటికి 85 తేట గుడ్లు, సాయంత్రం ఐదింటికి 77. తోక వంకర పిల్లలు బాగా తగ్గాయి. ఇప్పుడు కొత్త ఇబ్బంది ఏమిటంటే, పిల్లలు బయటకు వచ్చిన రెండు గంటలకు మధ్య తెర మూసుకుపోయి నీరు తెర పైనుంచి పొర్లుతోంది, పిల్లలు దానితోపాటు పోతున్నాయి.

తెనాలి_తొట్టి
అవి గుడ్డు పెంకులు. పిల్లలు ఒక్కసారిగా బయటపడినప్పుడు పెంకులన్నీ తెరకు అతుక్కుంటాయి. లోపలి గది వైపు నుంచి సన్నటి జల్లు పైపుతో తెర మీద నీరు కొడుతూ, మెత్తటి బ్రష్‌తో పై నుంచి కిందికి తుడవాలి. పిల్లలు ఉన్న వైపు నుంచి తుడవకూడదు. ఆ రెండు మూడు గంటలు ఒక మనిషి తెర దగ్గర నుంచి కదలకూడదు. పెంకులు పోయాక, పిల్లలు అడుగున పడిపోకుండా ప్రవాహాన్ని మళ్లీ 0.3, 0.4 మీటర్లకు తెచ్చి, పచ్చసొన కరిగే మూడో రోజు వరకు అలాగే ఉంచండి.

గుంటూరు_ఎండ
కాలువకు నీరు వదిలాక బోరు ఆపేసి కాలువకు మారేటప్పుడు కూడా జాగ్రత్త ఉండాలి. కొత్త నీటిలో ఒండ్రు ఎక్కువ, దానితో సైక్లాప్స్ పురుగులు వస్తాయి. అవి పిల్లల రెక్కలను కొరుకుతాయి. సన్నటి నైలాన్ గుడ్డ రెండు పొరలుగా కట్టి వడగట్టాలి, ఆ గుడ్డను పూటకు ఒకసారి ఉతకాలి.

కొల్లేటి_గట్టు
ఉయ్యూరు గారూ, ఈ దఫా స్పాన్ కొనడానికి నేను సిద్ధం. సంచి కట్టే ముందు తెల్ల పళ్లెంలో ఒక వంద పిల్లలను పోసి నా కళ్ల ముందు చూపించండి; వంకరవి ఎన్ని ఉంటే అన్ని లెక్క నుంచి తీసేద్దాము.

ఉయ్యూరు_చెరువు
తప్పకుండా చూపిస్తాను, అది కొనేవారి హక్కు. మూడో రోజు పొద్దున రండి. వచ్చే దఫా బొచ్చె వేయాలనుకుంటున్నాను. బొచ్చె గుడ్డు ఇంకా పెద్దది కదా, తొట్టికి 40 లక్షలు ఎక్కువవుతాయా?

తెనాలి_తొట్టి
ఈ ఎండల్లో ఎక్కువే. 30 లక్షల దగ్గర ఆపి, అదే పద్ధతిలో రెండు గంటలకు ఒకసారి లెక్క రాసి ఇక్కడ పెట్టండి.